వేడెక్కాక ఐడ్లింగ్‌లో వణికే పాత పెట్రోల్ ట్రక్: ఆక్సిజన్ సెన్సర్లు మారిస్తే సరిపోతుందా?

పాతబండి:
నా దగ్గర 1998 నాటి వీ8 పెట్రోల్ పికప్ ట్రక్ ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే బాగానే తిరుగుతుంది. పావుగంట నడిపి, బాగా వేడెక్కిన తరువాత ఎక్కడైనా రెండు మూడు నిమిషాలు ఆపి ఉంచితే మాత్రం ఐడ్లింగ్ 700 ఆర్‌పీఎం దగ్గర నిలవకుండా 500కూ 900కూ మధ్య ఊగిసలాడుతుంది. స్టీరింగ్ మీద చేతులు ఆనించి కూర్చుంటే ఆ వణుకు మోచేతుల దాకా పాకుతుంది. గేరు వేసి కదిలితే నిమిషంలోపే అంతా సర్దుకుంటుంది. స్కానర్ పెట్టగా పీ0135, పీ0171 అనే రెండు కోడ్‌లు కనిపించాయి. మొదటిది బ్యాంక్ 1లోని (అంటే ఇంజిన్‌లో ఒక వైపు సిలిండర్ల వరుసలోని) మొదటి ఆక్సిజన్ సెన్సర్ హీటర్‌కు సంబంధించినదనీ, రెండవది అదే బ్యాంక్‌లో మిశ్రమం లీన్‌గా, అంటే గాలి ఎక్కువగా, పెట్రోల్ తక్కువగా ఉందని తెలిపేదనీ చదివాను. నాలుగు సెన్సర్లనూ ఒకేసారి మార్చేయమని తెలిసినవారు ఒకరు సలహా ఇచ్చారు. అది అవసరమా, లేక ముందుగా చూడవలసినవి వేరే ఉన్నాయా?

మల్టీమీటర్:
నాలుగూ మార్చవలసిన పని లేదు. ఎగ్జాస్ట్‌ను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తరువాత ఉండే రెండు సెన్సర్ల ప్రధానమైన పని కన్వర్టర్‌ను గమనించడమే కాబట్టి, ఐడ్లింగ్ వణుకుకు వాటిని అనుమానించడం దండగ. కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్లు చెప్పేదాన్ని బట్టే కంప్యూటర్ పెట్రోల్‌ను పెంచుతుంది, తగ్గిస్తుంది.

మీ లక్షణాలలో ఒకటి హీటర్ వైపే వేలు చూపిస్తోంది. జిర్కోనియా అనే పింగాణీ పదార్థంతో చేసిన సెన్సర్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే తప్ప సరిగా పనిచేయదు. బండి నడుస్తున్నంతసేపూ ఎగ్జాస్ట్ వేడి దానికి సరిపోతుంది గానీ, ఐడ్లింగ్‌లో ఆ వేడి తగ్గిపోయినప్పుడు హీటర్ కూడా చచ్చిపోయి ఉంటే సెన్సర్ చల్లబడి మూగబోతుంది. 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా ఎగిరిపడవలసిన సంకేతం చాలా బండ్లలో 0.45 దగ్గర గీత గీసినట్టు నిలిచిపోతుంది, కంప్యూటర్ ఓపెన్ లూప్‌లోకి (సెన్సర్‌ను పట్టించుకోకుండా ముందే ఉన్న లెక్కలతో నడిచే స్థితిలోకి) జారుకుంటుంది. 1976లో వచ్చిన తొలి సెన్సర్లకు అసలు హీటరే లేదు. 1982 నుంచి దాన్ని జతచేయడం మొదలైంది సరిగ్గా ఈ ఇబ్బంది తప్పించడానికే.

అయితే పీ0171ను హీటర్ ఒక్కటే వివరించలేదు. రెండు బ్యాంక్‌ల ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పేవి) ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చూసి ఇక్కడ పెట్టండి. సెన్సర్ కనెక్టర్ విప్పి, ఒకే రంగులో ఉండే రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ కూడా కొలవండి.

తుప్పుబోల్టు:
నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని రాస్తున్నాను. నా పాత ట్రక్‌లో కూడా ఐడ్లింగ్ ఇలాగే ఉండేది, లీన్ కోడ్‌లు వచ్చేవి. సెన్సర్ల పేరు కనిపించింది కదా అని ముందున్న రెండింటినీ మార్చాను. వారం తిరగకుండానే అవే కోడ్‌లు మళ్లీ వచ్చాయి. చివరికి తేలినదేమిటంటే, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే ఆవిర్లను మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది) దగ్గర వంపు తిరిగే రబ్బరు గొట్టం అడుగు భాగం నూనెకు నాని, మెత్తబడి, వేలు పెట్టి నొక్కితే నోరు తెరిచినట్టు విచ్చుకొని గాలిని లోపలికి వదులుతోంది. పైనుంచి చూస్తే మాత్రం కొత్తదిలాగే ఉంది. సెన్సర్ మొదటినుంచీ నిజమే చెబుతోంది, నమ్మనిది నేనే.

పాతబండి:
ఇద్దరికీ ధన్యవాదాలు. లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐడ్లింగ్‌లో బ్యాంక్ 1కు ప్లస్ 22 శాతం, బ్యాంక్ 2కు ప్లస్ 3 శాతం ఉంది. 2500 దగ్గర అవి వరుసగా 7, 2 శాతానికి దిగాయి. హీటర్ వైర్ల మధ్య మీటరు ఏ అంకే చూపలేదు, అంటే సర్క్యూట్ తెగిపోయి ఉంది. అవతలి బ్యాంక్ సెన్సర్‌కు 6 ఓములు చూపింది. ఫ్యూజు బాగానే ఉంది, ఇగ్నిషన్ ఆన్ చేస్తే కనెక్టర్ దాకా 12 వోల్టులు వస్తున్నాయి. పీసీవీ గొట్టాన్ని చుట్టూ తడిమి చూశాను, ఎక్కడా చీలిక లేదు.

మల్టీమీటర్:
హీటర్ పోయిందన్నది రూఢి అయింది, కాబట్టి ఆ ఒక్క సెన్సర్ మార్చక తప్పదు. కానీ దుకాణానికి వెళ్లే ముందు ఆ 22 శాతం సంగతి తేల్చండి. గాలి లీకు రెండు బ్యాంక్‌లకూ కలిసి ఉన్నచోట ఉంటే రెండు అంకెలూ పెరగాలి. ఒక్క వైపే పెరిగిందంటే, ఆ వైపు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు) గాస్కెట్ అయినా కారుతుండాలి, లేదా సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ అయినా కారుతుండాలి. ఎగ్జాస్ట్‌లో వాయువు అలలు అలలుగా వెళుతుంది. ప్రతి అల వెనకా ఒత్తిడి పడిపోయినప్పుడు సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి సెన్సర్ లీన్ అని మొరపెట్టుకుంటే, కంప్యూటర్ ఏ తప్పూ చేయని సిలిండర్లకు అదనంగా పెట్రోల్ పోస్తుంది.

ఈ రెండింటినీ విడదీసి చెప్పేవి స్పార్క్ ప్లగ్‌లు. నిజంగా లీన్‌గా ఉంటే వాటి కొసలు తెల్లగా పాలిపోయి ఉంటాయి, ఎగ్జాస్ట్ లీకు అయితే ఆ వైపువి మసిబారి ఉంటాయి. వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి లీకు వెతికే పద్ధతి నిప్పుతో ఆటే. వీలైతే పొగ పరీక్ష (పొగను లోపలికి పంపి ఎక్కడ బయటికి వస్తుందో చూడడం) చేయించండి.

నూనెచేతులు:
ఒక్క ప్రశ్న. ఉదయం స్టార్ట్ చేసిన కొత్తలో ఇంజిన్ ఒక పక్క నుంచి టిక్ టిక్‌మని శబ్దం వచ్చి, వేడెక్కేకొద్దీ తగ్గిపోతుందా? చాలామంది దాన్ని టాపెట్ (వాల్వ్‌లను కదిలించే భాగం) శబ్దమని సరిపెట్టుకుంటారు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను ఇంజిన్‌కు బిగించే స్టడ్ (మర) విరిగినప్పుడు కూడా అదే శబ్దం వస్తుంది, ఇనుము వేడికి వ్యాకోచించి సందు కొంత పూడుకోగానే చెవికి అందకుండా పోతుంది. సందు పూర్తిగా మూసుకున్నట్టు మాత్రం కాదు.

పాతబండి:
మీరు అడిగిన శబ్దం రెండేళ్లుగా వింటున్నాను, టాపెట్లేనని నమ్ముతూ వచ్చాను. ఈ రోజు చక్రం పక్కన ఉండే ప్లాస్టిక్ తొడుగు విప్పి, టార్చి వేసి చూస్తే, బ్యాంక్ 1 మానిఫోల్డ్ వెనక కొసన ఉండవలసిన స్టడ్ తల లేదు. దాని కింద సిలిండర్ హెడ్ మీద నల్లటి మసి చారిక విసనకర్రలా పరచుకొని ఉంది. ప్లగ్‌లు తీశాను: ఆ వైపు నాలుగూ పొడి మసితో నల్లగా, అవతలి వైపు నాలుగూ లేత గోధుమ రంగులో ఉన్నాయి. ఇక అనుమానం లేదు. స్టడ్, గాస్కెట్, సెన్సర్ కలిపి చేద్దామనుకుంటున్నాను. పాత సెన్సర్ ఊడదీయడంలో ఏమైనా మెలకువలు ఉంటే చెప్పండి.

తుప్పుబోల్టు:
లీకు ముందు, సెన్సర్ తరువాత. ఈ వరుస తప్పకండి, లేకపోతే కొత్త సెన్సర్ కూడా మసి మింగి కూర్చుంటుంది. ముందు రోజు రాత్రే మరల మీద తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వండి. మర్నాడు ఇంజిన్‌ను కొద్దిసేపు తిప్పి, గోరువెచ్చగా ఉండగా పట్టు పట్టండి. చాలా సెన్సర్లకు 22 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది, కానీ మామూలు పానా జారి మూలలు అరగదీస్తుంది కాబట్టి వైరు దూరేందుకు చీలిక ఉన్న ప్రత్యేక సాకెట్ సంపాదించుకోవడం మేలు. కాస్త కదిలి మళ్లీ బిగుసుకుపోతే బలవంతంగా తిప్పకుండా, వెనక్కీ ముందుకీ ఆడిస్తూ, నూనె పోస్తూ తీయండి. ఎగ్జాస్ట్ వైపు మరలు చెడితే పని పదింతలవుతుంది. కొత్తదాని మరలకు మరలు బిగుసుకుపోకుండా ఆపే, నికెల్ కలిసిన యాంటీ సీజ్ లేపనం చాలావరకు ముందే పూసి వస్తుంది. రాకపోతే పలుచగా పూయండి, కొసకు మాత్రం తగలనివ్వకండి. 18 మిల్లీమీటర్ల మరలకు 40 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు సాధారణం. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

నాలుగో సిలిండర్:
రెండు మాటలు చేరుస్తాను. కనెక్టర్ లేని యూనివర్సల్ సెన్సర్ కొంటే వైర్లను సోల్డర్ చేయకండి, క్రింప్ చేయండి (లోహపు తొడుగులో పెట్టి నొక్కి కలపండి). చాలా సెన్సర్లు పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ వైర్ల లోపలి సన్నని ఖాళీల గుండానే తీసుకుంటాయి, సోల్డర్ ఆ దారిని మూసేస్తుంది. రెండవది, ఇంజిన్‌లో ఎక్కడైనా సిలికాన్ సీలెంట్ వాడవలసి వస్తే సెన్సర్‌కు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్నదే వాడండి. మామూలు రకం ఆవిర్లు సెన్సర్ కొస మీద తెల్లటి పొరగా పేరుకొని దాన్ని శాశ్వతంగా పాడుచేస్తాయి.

అవతలి బ్యాంక్ సెన్సర్‌ను కూడా జతగా మార్చమని చాలామంది అంటారు. రెండింటి వయసూ ఒకటే గనుక ఆ వాదనలో కొంత న్యాయం ఉంది.

మల్టీమీటర్:
ఆ న్యాయం నాకు రుచించదు. హీటర్ 6 ఓములు చూపుతోంది, ట్రిమ్ 3 శాతం దగ్గర ఉంది. థ్రాటిల్ ఒక్కసారి నొక్కితే సంకేతం 0.8 వోల్టులు దాటి, వదలగానే 0.2 కిందికి చురుకుగా పడుతుంటే దాన్ని అక్కడే ఉండనివ్వండి.

పాతబండి:
పని పూర్తయింది. స్టడ్ ముక్క తీయడానికే ఒక పూట పట్టింది, దాని పక్కన సెన్సర్ మార్చడం పావుగంట పని. పాత సెన్సర్ కొస బొగ్గు పుల్లలా ఉంది. కోడ్‌లు చెరిపి, నాలుగు రోజులు నడిపిన తరువాత బ్యాంక్ 1 ట్రిమ్ ప్లస్ 4 శాతం దగ్గర స్థిరపడింది. అవతలి సెన్సర్‌ను మల్టీమీటర్ గారు చెప్పినట్టే పరీక్షించి, అలాగే వదిలేశాను. ఈ సాయంత్రం బండి ఆపి పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచాను, ముల్లు 700 మీద నుంచి కదలలేదు. ఏసీ వేసినప్పుడు మాత్రం ఒక్కసారి తల వంచి మళ్లీ లేస్తోంది. థ్రాటిల్ బాడీలో మసి ఉందేమో వచ్చే వారం విప్పి చూస్తాను.