సర్వపిండికి సన్నమంట రావట్లేదు, పెల్లెట్ పొయ్యికి ఏమైంది?

హనుమకొండ నుంచి, కర్రీ పాయింట్ నడిపే అక్క:
అందరికీ నమస్తే. సిలిండర్ ఖర్చు భరించలేక పోయిన ఏడాది పెల్లెట్ పొయ్యి పెట్టుకున్నాను. పెల్లెట్లంటే పొట్టు గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళికలు, వాటిని పైనుంచి పోసే రకం. కింద జాలి, పక్కన బ్లోయర్, దానికో ఫ్యాన్ రెగ్యులేటర్. ఫుల్‌లో పెడితే అన్నం, పప్పు చకచకా అయిపోతాయి. తగ్గిస్తే మాత్రం పది నిమిషాలకే మంట ఎర్రబడి, కళ్లు మండే పొగ వచ్చి, ఆరిపోతుంది. సాయంత్రం సర్వపిండి వేస్తాను, అదేమో సన్నమంట మీదే కాలాలి. మంట పెంచితే అడుగు మాడుతుంది, పైన పిండి పచ్చిగానే ఉంటుంది. నెల నుంచి ఇదే టెన్షన్. మెకానిక్ బ్లోయర్ మార్చాలంటున్నాడు. మార్చమంటారా?

జనగామ నుంచి:
సాయంత్రం వోల్టేజ్ పడిపోతుంది అక్కా. రెగ్యులేటర్ ఒకటి మీద ఉంటే ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, గాలి మాత్రం రాదు. స్టెబిలైజర్ పెట్టు, అయిపోతుంది.

కాజీపేట నుంచి, హాస్టల్ మెస్‌లో వంట చేసే తమ్ముడు:
అక్కా, ఇప్పుడే ఏదీ కొనకు. పొద్దున పూట కూడా ఇట్లనే అవుతుందా చూడు. పొద్దున కూడా అయిందంటే వోల్టేజ్ తప్పు కాదు.

ఈ పొయ్యిలో ఒక్క బ్లోయర్ రెండు పనులు చేస్తుంది. జాలి కిందినుంచి వచ్చే గాలికి పెల్లెట్లు రాజుకుని గ్యాస్ పుడుతుంది. లోపల పై అంచు కింద చుట్టూ సన్నటి బొక్కలు ఉంటాయి, వాటిలోంచి వచ్చే గాలికి ఆ గ్యాస్ మండుతుంది. మండకుండా పోయిన గ్యాసే నీ కళ్లు మండించే పొగ. ఫుల్‌లో గాలికి బలం ఉంటుంది కాబట్టి సగం బొక్కలు పూడుకుపోయినా తోసుకుని వస్తుంది. తగ్గించావంటే ఆ బలం ఉండదు. జబ్బు ఎప్పుడూ ఉన్నదే, సన్నమంట పెట్టినప్పుడే బయటపడుతుంది.

పొయ్యి పూర్తిగా చల్లారాక ప్లగ్ పీకి, పై వరస బొక్కల్లో ఒక్కోదాంట్లో సన్నటి తీగ పెట్టి తిప్పు. బ్లోయర్ రెక్కలు కూడా చూడు. పోపు ఆవిరి, దుమ్ము కలిసి జిడ్డు పేరుకుంటే కొత్త ఫ్యాన్ కూడా ముసలిదైపోతుంది. బూడిద ట్రే సరిగ్గా మూసుకోకపోతే గాలి అటునుంచే పోతుంది, అది కూడా చూసుకో. ఇంతకీ ఏ పెల్లెట్లు వాడుతున్నావు?

హనుమకొండ:
పొద్దున కూడా ఇంతే తమ్మీ. మొదట్లో రంపపు పొట్టువి వాడేదాన్ని. నెల కింద చవకగా వస్తున్నాయని వేరేవి తెచ్చాను, దేనితో చేశారో సంచి మీద లేదు. ఇప్పుడు జాలి మీద గాజు పెంకుల్లా ముద్దలు దొరుకుతున్నాయి, స్క్రూడ్రైవర్‌తో కొడితే గానీ ఊడట్లేదు.

కాజీపేట:
ఊక ఎక్కువ కలిసి ఉంటుంది. ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదే, అందులో ఎక్కువ భాగం ఇసుక జాతి సిలికా. అది బూడిదలోని పొటాషియం లాంటి లవణాలతో కలిసి వేడికి మెత్తబడి, చిట్టెంలా గడ్డకట్టి జాలి మూసేస్తుంది. రంపపు పొట్టుకి బూడిద చాలా తక్కువ. ఊకవే వాడతానంటే రెండు మూడు గంటలకోసారి జాలి గీకాల్సిందే. చవక బేరం అక్కడ తేలిపోతుంది.

ఇంకోటి, చెమ్మ. పెల్లెట్ మంచిదైతే టక్కున విరుగుతుంది, చెమ్మది నలిగి పొడి అవుతుంది. సంచులు నేల మీద పెట్టకు, కింద చెక్క వేయి.

సన్నమంట కావాలంటే గాలి ఒక్కటే తగ్గిస్తే సరిపోదు. డబ్బా నిండా పెల్లెట్లు ఉండగా గాలి కోస్తే అవి ఊపిరాడక పొగ కక్కుతాయి. పెల్లెట్లే తక్కువగా పోసి, మంట నిలిచేంత గాలి ఉంచు. సర్వపిండికి నేనైతే రెండు గుప్పెళ్లు పోసి, తగ్గినప్పుడల్లా ఇంకో గుప్పెడు వేస్తాను. మందపు పెనం పెడతాను.

కిటికీ మూసి మాత్రం సన్నమంట పెట్టకు. సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు పుడుతుంది, దానికి వాసన ఉండదు. పొగ లేకుండా నిప్పులు ఎర్రగా ఉన్నా అది వస్తూనే ఉంటుంది. రాత్రి పొయ్యిలో నిప్పులు వదిలేసి అదే గదిలో పడుకోకండి.

హనుమకొండ (నాలుగు రోజుల తర్వాత):
పై వరసలో ముప్పై రెండు బొక్కలుంటే పందొమ్మిది నల్లటి జిగురుతో పూడుకుపోయి ఉన్నాయి. సైకిల్ పుల్లతో గుచ్చితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. బ్లోయర్ రెక్కల మీది జిడ్డు కిరోసిన్ గుడ్డతో తుడిచి, బాగా ఆరాకే పెట్టాను. రంపపు పొట్టు పెల్లెట్లు సగం, ఆ చవకవి సగం కలిపి వాడుతున్నాను. నిన్న రెగ్యులేటర్ రెండు మీద మంట నలభై నిమిషాలు ఆరకుండా నిలిచింది. ఒకటి మీద మాత్రం ఇంకా కొట్టుకుంటోంది.

జనగామ:
ఆ ఒకటి దగ్గర మాత్రం నా వోల్టేజే అక్కా!

హనుమకొండ:
సరే తమ్మీ, అది నీకే వదిలేశాను. నాకు రెండు చాలు. సర్వపిండి అంచు కరకరలాడుతూ వచ్చింది.