శుక్లం ఆపరేషన్ తర్వాత ఉదయం పూట మసక: కార్నియా వాపు ఎందుకు వస్తుంది?

ప్రశ్న:
మా అమ్మగారికి 12 రోజుల క్రితం కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. నిద్ర లేవగానే గోడ గడియారం ముళ్లు ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు కనబడుతున్నాయని, మధ్యాహ్నానికల్లా అవే తేటగా కనిపిస్తున్నాయని ఆమె అంటున్నారు. కార్నియాకు (కంటి ముందుండే పారదర్శక పొరకు) వాపు ఉందని డాక్టరుగారు చెప్పి చుక్కల మందు ఇచ్చారు. మార్చింది లోపలి లెన్సు కదా, ముందున్న కార్నియాకు వాపు ఎందుకు వచ్చింది? ఎడమకంటికీ ఆపరేషన్ చేయించాలి కనుక ఆందోళనగా ఉంది.

జవాబు 1:
కార్నియా మధ్యలో మందం సుమారు అర మిల్లీమీటరు. దాని లోపలి వైపున ఒకే వరుసలో పరుచుకున్న ఎండోథీలియం కణాలు లోనికి చేరే నీటిని ఎప్పటికప్పుడు తోడివేస్తూ ఉండబట్టే అది పారదర్శకంగా ఉంటుంది. శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి తీసేది ఈ కణాలకు అతి సమీపంలోనే. రక్షణగా జెల్ నింపినా కొన్ని దెబ్బతింటాయి, తోడే పని మందగిస్తుంది. రాత్రి రెప్పలు మూసి ఉన్నంతసేపూ కంటి పైనుంచి నీరు ఆవిరి కాదు కనుక వాపు పెరుగుతుంది, కళ్లు తెరిచాక క్రమంగా తగ్గుతుంది. అమ్మగారు గడియారంలో గమనించిన తేడా ఇదే. చాలామందికి కొన్ని రోజుల్లో, కొందరికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అయితే నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు హఠాత్తుగా తగ్గినా ఆ రోజే చూపించండి.

జవాబు 2:
పై వివరణకు ఒక ముఖ్యమైన మాట చేర్చాలి. పోయిన ఎండోథీలియం కణాల స్థానంలో కొత్తవి పుట్టవు. పక్క కణాలే సాగి ఆ ఖాళీని కప్పుతాయి. పెద్దవారిలో చదరపు మిల్లీమీటరుకు సాధారణంగా 2,000 నుంచి 3,000 వరకు ఉండే ఈ కణాలు 500 దగ్గరికి పడిపోతే వాపు శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల ఎడమకంటికి ముందు స్పెక్యులర్ మైక్రోస్కోపీతో కణాలను లెక్కించమని, ఫుక్స్ డిస్ట్రఫీ (ఈ కణాలు క్రమంగా నశించే జబ్బు) ఉందేమో చూడమని తప్పక అడగండి. శుక్లం బాగా ముదిరేదాకా ఆగాలనే పాత సలహాను దయచేసి పాటించకండి. లెన్సు గట్టిపడే కొద్దీ ఎక్కువ అల్ట్రాసౌండ్ అవసరమై, కార్నియాపై భారం పెరుగుతుంది.

జవాబు 3:
మా నాన్నగారికి ఫుక్స్ డిస్ట్రఫీ ఉన్నందువల్ల వాపు నెలలు గడిచినా తగ్గలేదు. చివరికి కార్నియా మొత్తాన్ని కాక, దాత కంటి నుంచి తీసిన పలుచని లోపలి పొరను మాత్రమే అమర్చారు, డీమెక్ అంటారు. ఆ పొర అతుక్కోవడానికి కంట్లో గాలి బుడగ పెట్టి, కప్పు వైపు చూస్తూ వెల్లకిలా పడుకోమన్నారు. ఆ పడుకోవడమే ఆయనకు కష్టమైంది. ఇప్పుడు ఉదయం లేవగానే పేపరు చదువుతున్నారు.