‘కార్లోస్’ సినిమా హంతకుణ్ణి హీరోని చేసిందా?

రాత్రిబండి:
ఒలివియే అసాయాస్ 2010లో తీసిన ‘కార్లోస్’ మూడు భాగాలూ నిన్న పూర్తి చేశాను. ఐదున్నర గంటలు. ‘కార్లోస్’ అనే మారుపేరుతో దాడులు చేసిన, వెనిజులాలో పుట్టిన ఉగ్రవాది ఇలిచ్ రామిరెజ్ సాంచెజ్ కథ. 1975 జూన్‌లో పారిస్‌లోని ఒక ఫ్లాట్‌లో ఆయుధాల్లేకుండా వచ్చిన ఇద్దరు పోలీసు అధికారులనూ, వాళ్లతో వచ్చిన తన సహచరుణ్ణీ కాల్చి చంపినవాడు. అలాంటివాడికి అందగాడైన ఎడ్గార్ రామిరెజ్‌ని పెట్టి, వెనక రాక్ పాటలు వేశారు. బట్టల్లేకుండా అద్దంలో తన ఒళ్లు చూసుకుని మురిసిపోయే సీన్ ఒకటుంది. కెమెరా కూడా అతనితో పాటే మురిసింది. నాకు కడుపులో దేవినట్టయింది. ఇది తప్పు కాదంటారా?

గోదారిగట్టు:
రాత్రిబండి గారూ, అద్దం సీన్‌ని మూడో భాగం పక్కన పెట్టి చూడండి. అదే ఒళ్లు లావెక్కి, ఏ దేశమూ ఉండనివ్వక, సూడాన్‌లో తలదాచుకుంటాడు. 1994 ఆగస్టులో ఖార్టూమ్‌లో, ఆపరేషన్ చేయించుకుని పడుకున్నవాణ్ణి ఫ్రాన్స్‌కి అప్పగించేశారు. ఇందులో హీరో ఎక్కడున్నాడండీ?

నా దృష్టిలో సినిమాకి ప్రాణం వియన్నా. 1975 డిసెంబర్ 21న అక్కడి ఒపెక్ (చమురు ఎగుమతి దేశాల కూటమి) ఆఫీసు మీద దాడి. ముగ్గురు చనిపోయారు, 60 మందికి పైగా బందీలు. సౌదీ మంత్రి యమానీనీ, ఇరాన్ మంత్రినీ చంపాలని అతనికి ఆదేశం. బందీలను ఎక్కించుకున్న విమానం అల్జీర్స్, ట్రిపోలీ, మళ్లీ అల్జీర్స్ తిరిగింది. చివరికి డబ్బుకి బేరం కుదుర్చుకుని ఆ మంత్రులిద్దర్నీ వదిలేశాడు. దాంతో అతన్ని పంపిన పాలస్తీనా నాయకుడు వాదీ హద్దాద్ తన దళంలోంచి గెంటేశాడు. విప్లవం అని అరిచినవాడు డబ్బు దగ్గర ఎలా మెత్తబడ్డాడో ఆ విమానంలో నిదానంగా, మనకి ఊపిరాడనంతగా చూపించారు. థియేటర్ల కోసం కుదించిన వెర్షన్ చూసి తీర్పు చెప్పేవాళ్లతో నాకు పేచీ అక్కడే.

పాతపేపరు:
అతనికి ఆ వెలుగు పత్రికలు ముందే ఇచ్చాయి. లండన్‌లో అతను సంచీ దాచిన ఇంట్లో ఒక విలేకరికి ‘ద డే ఆఫ్ ద జాకాల్’ నవల కనిపిస్తే, దాని పేరులోంచి ‘జాకాల్’ తీసి అతని పేరుకి తగిలించారు. ఆ పుస్తకం అతనిది కూడా కాదు! జైల్లో ఉండి కూడా ఈ సినిమా తనకి ముందే చూపించాలని కోర్టుకి వెళ్లాడు. కోర్టు ఒప్పుకోలేదు. తన బొమ్మ ఎలా ఉందన్నదే అతని బెంగ.

రాత్రిబండి:
విమానం సంగతి ఒప్పుకుంటాను గోదారిగట్టు గారూ, ఆ గంట నన్ను కూడా కట్టిపడేసింది. కానీ 1974 సెప్టెంబర్‌లో పారిస్‌లో ‘డ్రగ్‌స్టోర్’ అనే దుకాణంలో గ్రెనేడ్ పడి ఇద్దరు పోయారు, 34 మంది గాయపడ్డారు. ఆ కేసులో అతనికి శిక్ష పడింది 2017లో. సినిమా వచ్చేనాటికే ఆ ఇళ్లవాళ్లు 36 ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. తెరమీద గ్రెనేడ్ పేలింది, కథ అతని వెంటే వెళ్లిపోయింది. పోయినవాళ్ల ఇంటి గడప ఒక్కటైనా తొక్కినట్టు నాకు గుర్తులేదు. ఐదున్నర గంటల్లో వాళ్లకి పది నిమిషాలు దొరకలేదా?