ప్రదర్శనలో స్లైమ్ మోల్డ్ పెట్టె: మూత పెడితే ఆవిరి, తీస్తే ఎండిపోతోంది

హైదరాబాద్‌లో ప్రకృతి, తెలివితేటల మీద జరిగే ఒక బృంద ప్రదర్శనకు బతికున్న స్లైమ్ మోల్డ్‌ను, అంటే జిగురుగా పాకే ఫైసేరమ్ పాలిసెఫాలమ్ అనే జీవిని పెడుతున్నాను. మెదడు లేదు, నరాలు లేవు, ఉన్నది ఒకే కణం. అయినా 2010లో జపాన్ పరిశోధకులు టోక్యో చుట్టూ ఉన్న ఊళ్ల స్థానాల్లో దానికి తిండిగా ఓట్స్ పెడితే, అక్కడి రైలు మార్గాలను పోలిన వల అల్లేసింది. నేను ఓట్స్‌ను మన చెరువుల పటం మీద పెట్టాను: హుస్సేన్ సాగర్, దుర్గం చెరువు, సరూర్‌నగర్ వగైరా.

40×30 సెంటీమీటర్ల అక్రిలిక్ పెట్టె, అడుగున 2 శాతం అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ లాంటి పదార్థం), పోషకాలేమీ కలపలేదు. ఇంట్లో చీకటి అలమరాలో రాత్రికి రాత్రే పసుపు దారాలు పాకేవి. హాల్లో ఏసీ 24 డిగ్రీలు. మూత తీస్తే సాయంత్రానికి అగర్ అంచులు బీటలిస్తున్నాయి, దారాలు గట్టి పెచ్చులా మారి నిద్రావస్థలోకి పోతున్నాయి. మూత పెడితే గంటలోపే లోపల నీటి బొట్లు, చూసేవాళ్లకు ఏమీ కనబడదు.

మూతకు చిల్లులు పెట్టి చూశాను, మూడో రోజుకు ఓట్స్ మీద పచ్చ బూజు. ఆవిరి పట్టకుండా కళ్లజోళ్లకు కొట్టే స్ప్రే పూట కూడా ఆగలేదు. దీనికి వెలుతురు పడదు గానీ ఆ గొడవ మాత్రం లేదు, తెల్ల దీపాలు తీయించేశాను.

మూతను కాస్త వెచ్చగా ఉంచితే ఆవిరి పట్టదు గానీ, లోపల 30 డిగ్రీలు దాటితే దీనికి పడదు. ఇలాంటి పెట్టెకు మూత మీద సన్నటి హీటింగ్ ఫిల్మ్ మంచిదా, మధ్యలో గాలి ఉండే రెండు పొరల మూత మంచిదా?