ట్రైలర్ వెనుక కెమెరా: వైర్‌లెస్సా, కేబులా?

బాటసారి:

మాది పికప్ వెనుక తగిలించి లాగే, లోపల ఉంటూ ప్రయాణించే 9 మీటర్ల ట్రైలర్. లాగే పికప్‌లో డ్రైవరు సీటు నుంచి ట్రైలర్ వెనుక గోడ దాకా టేపు పెట్టి కొలిస్తే 13 మీటర్లకు కాస్త పైనే వచ్చింది. ఇన్నేళ్లూ పక్క అద్దాలతో, వెనుక నిలబడి చెయ్యి ఊపే మనిషి సాయంతో నెట్టుకొచ్చాం. పోయిన నెల ఒక రోజు చీకటి పడ్డాక, రాత్రికి ఆగే చోట వెనక్కి వెళ్తూ మోకాలెత్తు కుళాయి స్తంభాన్ని వంచేశాను. అద్దంలో కనిపించే చోట లేదది, సరిగ్గా ట్రైలర్ వెనుక మధ్యలో ఉంది. ఇక కెమెరా లేకుండా కదలకూడదని ఆ రాత్రే అనుకున్నాను.

తెలిసిన ఇద్దరిని అడిగితే రెండు రకాలుగా చెప్పారు. వైర్‌లెస్ బిగిస్తే ఒక్క పూటలో పని అయిపోతుందని ఒకరన్నారు. అంత దూరానికి, మధ్యలో అంత లోహం ఉండగా వైర్‌లెస్‌ను నమ్మవద్దు, కేబుల్ లాగించమని ఇంకొకరు. రెండూ వాడి చూసినవారు చెప్పండి. ఏ కంపెనీది కొనాలని అడగడం లేదు. ఏళ్ల తరబడి నమ్ముకోదగినది ఏది అన్నదే నా ప్రశ్న.

తీగలపని:

బాటసారి గారూ, కేబుల్. రెండో ఆలోచన వద్దు. నేను ట్రైలర్లకు కరెంటు పని చేసేవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వైర్‌లెస్ అన్నంత మాత్రాన తీగలు లేవని కాదు. గాలిలో వెళ్లేది బొమ్మ ఒక్కటే. ఎక్కువ కెమెరాలకు 12 వోల్టుల కరెంటు తీగ మీదే రావాలి, అంటే వెనుక గోడకు రంధ్రం చాలావరకు తప్పదు. ఇక ఆ బొమ్మ ప్రయాణించే దారి చూడండి. చాలా ట్రైలర్లకు పైరేకు అల్యూమినియం. లోపల ఫ్రిజ్, స్టవ్, నీళ్ల ట్యాంకు. ముందు పికప్ ఇనుప క్యాబిన్. ఈ కెమెరాల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ ఉన్నదీ ఆ చుట్టుపక్కలే. నీరూ లోహమూ ఆ తరంగాలను మింగేస్తాయి లేదా తిప్పికొడతాయి. డబ్బా మీద రాసే దూరం ఖాళీ మైదానంలో కొలిచినది. మీ ట్రైలర్ ఖాళీ మైదానం కాదు కదా.

కేబుల్‌కు కావలసినవి: నాలుగు పిన్నుల, మరతో బిగిసే కనెక్టర్లున్న షీల్డు కేబుల్ (బయటి తరంగాలు చొరబడకుండా లోహపు తొడుగు ఉన్నది), ట్రైలర్ అడుగున దానికొక గొట్టం, హిచ్ దగ్గర, అంటే బండికి ట్రైలర్ తగిలే కొక్కెం దగ్గర, ఊడదీయడానికి చుట్టలు తిరిగిన తీగ. రెండు రోజుల పని, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత దాని గురించి ఆలోచించే అవసరం ఉండదు.

దారిపొడవునా:

తీగలపని గారి అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఆయన చెబుతున్న ఇబ్బందుల్లో సగం పాత అనలాగ్ వైర్‌లెస్ నాటివి. అప్పట్లో తెర మీద చుక్కలు కురిసేవి. పక్క బండిలోనూ అలాంటి కెమెరాయే ఉంటే దాని బొమ్మ మన తెర మీదకు వచ్చేది. ఇప్పటి డిజిటల్ సెట్లలో కెమెరా, మానిటర్ ముందే జత కుదుర్చుకుంటాయి, అడ్డంకి తగలకుండా క్షణక్షణం చానెల్ మార్చుకుంటాయి. నాలుగేళ్లుగా నేను వాడుతున్నది అదే. మా ట్రైలర్ మీదానికంటే ఒక మీటరు తక్కువ, అంతే.

ఆయన వదిలేసిన మాట ఒకటి ఉంది. కేబుల్‌కు అసలు బలహీనమైన చోటు హిచ్ దగ్గరి కనెక్టరు. ప్రతి మలుపులో వంగుతుంది, చక్రాలు చిమ్మే బురదంతా దాని మీదే పడుతుంది. మా మొదటి ట్రైలర్‌కు కేబులే ఉండేది. రెండో వర్షాకాలం వెళ్లాక ఆ ప్లగ్గు విప్పితే నాలుగు పిన్నుల్లో రెండింటి చుట్టూ ఆకుపచ్చటి చిలుము పేరుకుని ఉంది. గుడ్డతో తుడిస్తే ఒక పిన్ను గుడ్డతో పాటే ఊడి వచ్చింది.

రంధ్రం గురించి కూడా. వెనుక గోడ మీద పైవరుసలో మార్కర్ లైటు (రాత్రి ట్రైలర్ ఎత్తూ వెడల్పూ తెలిసేలా వెలిగే చిన్న లైటు) ఉంటే కొత్తగా రంధ్రం చేయనక్కరలేదు. ఆ లైటు విప్పితే అక్కడే కరెంటు తీగలు దొరుకుతాయి. నేను విప్పినప్పుడు పాత సీలెంట్ ఎండి పెళుసుగా ఉంది, లైటు వెనుక చెక్క వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. ఎన్నాళ్ల నుంచి నీళ్లు దిగుతున్నాయో! కెమెరా సంగతి పక్కన పెట్టి ముందు ఆ చెక్క మార్చవలసి వచ్చింది. కాబట్టి ఏది బిగించినా, బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు (నీరు దిగకుండా ఆపే మెత్తటి జిగురు పట్టీ) వేయండి, అంచుల చుట్టూ ట్రైలర్లకు వాడే సీలెంట్ పూయండి. మామూలు సిలికాన్ వద్దు. తర్వాత ఎప్పుడైనా మళ్లీ పూయవలసి వస్తే ఆ సిలికాన్ మీద ఏదీ అంటుకోదు. తీగ గోడలోకి వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడేలా ఒంపు వదలండి, నీరు ఆ ఒంపు దగ్గరే కారిపోతుంది.

తీగలపని:

చిలుము మాట నిజమే. దానికి మందు ఉంది: పిన్నులకు డైఎలెక్ట్రిక్ గ్రీజు (తడిని దగ్గరికి రానివ్వని, కరెంటు పారని గ్రీజు) పూయడం, ప్లగ్గు విప్పగానే మూత బిగించడం. పది మందిలో ఎనిమిది మంది ఆ మూతను వేలాడదీసి వదిలేస్తారు. అది కేబుల్ తప్పు కాదు.

వెనుకచక్రం:

మీ ఇద్దరి వాదనా బొమ్మ వస్తుందా, రాదా అన్న దాని చుట్టే తిరుగుతోంది. నాకు జరిగింది వేరు. బొమ్మ వచ్చింది, కానీ అది అప్పటి బొమ్మ కాదు.

మాది ఫోనుకు వైఫైతో కలిసే కెమెరా. ఒకసారి చిన్న మైదానంలో వెనక్కి వెళ్తున్నాను. తెర మీద పచ్చగడ్డి, దూరంగా కంచె. ఏ అడ్డమూ లేదు. అంతలో మా ఆవిడ గట్టిగా అరిచింది. బ్రేకు తొక్కి దిగి చూస్తే బంపరుకు రెండు అడుగుల దూరంలో మడత కుర్చీ, దాని పక్కనే మా అబ్బాయి చెప్పులు. వాడు కుర్చీ వేసుకుని కూర్చుని, అప్పుడే లేచి నీళ్లకు వెళ్లాడట. తిరిగి వచ్చి ఫోను చూస్తే కుర్చీ లేని ఆ గడ్డి బొమ్మే ఉంది. కొన్ని సెకన్ల కిందటే ఆగిపోయింది. బొమ్మ ఆగిన సంగతి చెప్పే గుర్తు తెర మీద ఏదీ లేదు.

గంటకు 3 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 83 సెంటీమీటర్లు. మూడు సెకన్లు బొమ్మ ఆగిపోతే ట్రైలర్ రెండున్నర మీటర్లు గుడ్డిగా వెళ్లిపోయినట్టు. ఆగిపోకుండా అర సెకను ఆలస్యంగా వచ్చినా 40 సెంటీమీటర్ల పైమాటే. కేబుల్ తెగితే తెర నల్లగానో నీలంగానో అవుతుంది, మన కాలు బ్రేకు మీదకు వెళ్తుంది. ఆగిన బొమ్మ మాత్రం అంతా బాగానే ఉందని చెబుతూ కూర్చుంటుంది. బాటసారి గారూ, సిగ్నల్ ఎంత దూరం వస్తుందని కాదు, సిగ్నల్ పోయినప్పుడు తెర ఏం చేస్తుందని అడగండి.

దారిపొడవునా:

వెనుకచక్రం గారూ, చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. మీరు చెప్పినదానితో ఏకీభవిస్తాను, కానీ ఫోను వైఫై కెమెరాలను, సొంత మానిటర్‌తో వచ్చే డిజిటల్ సెట్లను ఒకే గాటన కట్టకండి. ఫోనులో అదే సమయానికి ఇంకెన్నో పనులు నడుస్తుంటాయి. కాల్ వస్తే యాప్ వెనక్కి పోతుంది. ట్రైలర్‌కు ఫోను కెమెరా వద్దని నేనూ చెబుతాను.

మీ పోస్టు చదివాక బయటికి వెళ్లి మా సెట్‌ను పరీక్షించాను. తెర నడుస్తుండగా కెమెరా ఫ్యూజు పీకేశాను. సెకను దాటకుండానే తెర నల్లబడి, సిగ్నల్ లేదన్న గుర్తు వచ్చింది. ప్రతి ఒక్కరూ కెమెరాను గోడకు బిగించే ముందే, బల్ల మీద పెట్టుకుని ఈ పరీక్ష చేయాలి. ఫ్యూజు పీకాక కూడా బొమ్మ అలాగే నిలిచి ఉంటే ఆ సెట్‌ను వెనక్కి ఇచ్చేయండి.

రేయిపయనం:

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది ఎవరూ విడమరచి చెప్పలేదు. వైర్‌లెస్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం అక్కడే.

బండి నుంచి ట్రైలర్ లైట్లకు కరెంటు తెచ్చే నాలుగు పిన్నుల ప్లగ్గులో రివర్స్ లైటుకు తీగే ఉండదు. ఎర్త్, పార్కింగ్ లైట్లు, ఎడమ, కుడి మలుపు లైట్లు, అంతే. అమెరికా తరహా ట్రైలర్లకు వాడే ఏడు పిన్నుల ప్లగ్గులో నడిమి పిన్ను సాధారణంగా రివర్స్‌కు ఉంటుంది, కానీ ట్రైలర్ వైపు దాన్ని కలపకుండా వదిలేసినవి చాలా చూశాను. కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడకుండా నమ్మవద్దు.

రివర్స్ తీగ దొరికినా వైర్‌లెస్‌కు దాన్ని కలపవద్దని నా అభిప్రాయం. గేరు వేసినప్పుడే కెమెరాకు కరెంటు అందితే, అది లేచి మానిటర్‌తో జత కలవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అమెరికాలో 2018 మే నుంచి నిండా సరుకుతో 4,536 కిలోలు మించని కొత్త కార్లు, పికప్‌ల వంటి వాహనాలన్నిటికీ వెనుక కెమెరా తప్పనిసరి. రివర్స్ వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలి, బండి వెనుక 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు మేర నేల కనిపించాలి అని ఆ నిబంధన. ట్రైలర్లకు అది వర్తించదు. అయినా మన సెట్ ఎలా ఉందో చూసుకోవడానికి అంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు. మార్కర్ లైటు నుంచి కరెంటు తీసుకుంటే పార్కింగ్ లైట్లు వేసి ఉన్నంతసేపూ కెమెరా మేలుకునే ఉంటుంది, హైవే మీద వెనుక వచ్చేవారూ కనిపిస్తారు. నేను రాత్రుళ్లు ఎక్కువగా నడుపుతాను. నాకు వెనక్కి వెళ్లడం కంటే వరుస మారేటప్పుడే అది ఎక్కువ అక్కరకు వస్తోంది.

ఒక జాగ్రత్త. కొన్ని కొత్త బండ్లు ట్రైలర్ లైట్లకు కరెంటును ఏకధారగా పంపవు, క్షణక్షణం ఆపి వదులుతూ పంపుతాయి. బల్బుకు తేడా తెలియదు. కెమెరా మాత్రం మిణుకుతుంది, లేదా మళ్లీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అది చూసి సిగ్నల్ లేదని జనం వైర్‌లెస్‌ను తిడతారు. ట్రైలర్ బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేరే తీగ తెచ్చి, స్విచ్చి పెట్టి చూడండి. మిణుకు ఆగిందంటే తప్పు కరెంటుదే.

కొండమలుపు:

ఏ కెమెరా పెట్టినా మనిషిని మానవద్దు. గోడ మీద పైన బిగించిన కెమెరా కిందికి చూస్తుంది. పైన చాచుకున్న చెట్టు కొమ్మ దానికి కనపడదు. మలుపులో పక్కకు జరిగే ట్రైలర్ మూల కనపడదు. వెడల్పుగా చూపించే లెన్సులో దగ్గరి వస్తువు దూరంగా ఉన్నట్టు ఉంటుంది. దారి చూపడానికి తెర మీద గీసే గీతలకు మీ స్టీరింగ్ ఎటు తిరిగిందో తెలియదు, తెలిసినా లాభం లేదు, ట్రైలర్ తిరిగేది హిచ్ దగ్గర. అనుమానం వస్తే బండి ఆపి దిగి చూడండి.

వెనుకచక్రం:

కొండమలుపు గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. మా ఆవిడ అరవకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి కూడా మనసొప్పడం లేదు. ఇప్పటికీ ఆమె దిగి నిలబడితేనే రివర్స్ గేరు వేస్తాను.

ఒక చిన్న ఉపాయం చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. కెమెరాను బంపరు అంచు కనిపించేలా వంచి, ఆ అంచున జానెడు ఎర్ర రిబ్బన్ కట్టాను. బండి కదిలినంతసేపూ తెర అడుగున అది అల్లాడుతుంది. అది కదలలేదంటే బొమ్మ ఆగిపోయినట్టే. ఇప్పుడు నేను ముందు చూసేది రిబ్బన్నే, ఆ తర్వాతే గడ్డినీ కంచెనూ.

తీగలపని:

రిబ్బన్ ఉపాయం బాగుంది. కేబుల్ వేసినవారికి కూడా మంచిదే.

నా మాటను కొంచెం సవరించుకుంటాను. దారిపొడవునా గారు చెప్పిన ఫ్యూజు పరీక్షలో నెగ్గిన సెట్ అయితే, పొట్టి ట్రైలర్లకు వైర్‌లెస్ వద్దని ఇక చెప్పను. 13 మీటర్లకు మాత్రం ఇప్పటికీ కేబులే అంటాను. బాటసారి గారూ, ఏది ఎంచుకున్నా ఒక పని చేయండి. ఎప్పుడైనా ట్రైలర్ అడుగు రేకు విప్పవలసి వస్తే, వెనుక నుంచి ముందుదాకా ఒక ఖాళీ గొట్టం వేసి, దానిలో గట్టి దారం ఒకటి వదలండి. రేపు కేబుల్ కావాలంటే ఆ దారానికి కట్టి లాగేస్తే చాలు.

బాటసారి:

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం పొద్దంతా దీని మీదే ఉన్నాను, ఏం జరిగిందో చెబుతాను.

ఒక డిజిటల్ వైర్‌లెస్ సెట్ అడిగి తెచ్చుకున్నాను. గోడకు రంధ్రం చేయకుండా కెమెరాను టేపుతో వెనుక నిచ్చెనకు అంటించి, చిన్న 12 వోల్టుల బ్యాటరీ కలిపాను. ఫ్యూజు పరీక్షలో నెగ్గింది, తెర వెంటనే నల్లబడింది. బండి, ట్రైలర్ ఒకే గీతలో ఉన్నప్పుడు బొమ్మ చక్కగా వచ్చింది. ట్రైలర్‌ను బాగా మలిచినప్పుడు, అంటే వెనక్కి వెళ్తూ నాకు అది అన్నిటికంటే అవసరమైన సమయంలో, రెండుసార్లు తెగింది. కెమెరా యాంటెన్నాకు పొడిగింపు తీగ తగిలించి, ట్రైలర్ కింద చాసిస్ (ఇనుప చట్రం) అంచుకు, నేల వైపు ఏ రేకూ అడ్డం లేని చోటికి దించాక మళ్లీ అదే మలుపు తిప్పి చూశాను. ఆరుసార్లు తిప్పితే ఒకసారి మాత్రం ఒక్క క్షణం తెగింది.

ఆ ఒక్కసారి నాకు మింగుడు పడటం లేదు. అందుకని కేబులే వేయిస్తున్నాను. తీగలపని గారూ, గొట్టం అడుగు రేకు లోపల వేయాలా, బయట చాసిస్‌కు కట్టాలా? లోపలైతే నీళ్ల ట్యాంకు పక్క నుంచి పోవాలి, అక్కడ సందు రెండు వేళ్లే ఉంది.

తీగలపని:

రెండు వేళ్ల సందు చాలదు, గొట్టం నలుగుతుంది. బయటే వేయండి, చాసిస్ లోపలి అంచున, చక్రాలు చిమ్మే రాళ్లు తగలని వైపు. అడుగున్నరకు ఒక క్లిప్పు. ఇరుసు దగ్గర మాత్రం ఆరు అంగుళాలకు ఒకటి, అక్కడ కుదుపు ఎక్కువ.