పాట పాడే షుగర్ గోలీ యాడ్: మన టీవీలల్ల రానియ్యాల్నా, వద్దా?

పానగల్_గట్టు (నల్లగొండ)

వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతున్న ఆ యాడ్ చూడనోళ్ల కోసం ముందుగాల రెండు ముక్కలు. అది అమెరికా టీవీల వచ్చే జార్డియెన్స్ అనే షుగర్ గోలీ యాడ్. ఒకామె తనకు టైప్ 2 షుగర్ ఉన్నదని, ఈ గోలీతోటి మంచిగనే నడుస్తున్నదని పాట అందుకుంటది. చుట్టున్నోళ్లు చిందేస్తరు. మధ్యల ఇంకో గొంతు దుష్ప్రభావాలు చదువుకుంట పోతది: కీటోఅసిడోసిస్ (రక్తంల కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి పానం మీదికొచ్చుడు), ఒంట్ల నీరు తగ్గుడు, మూత్రంల ఇన్‌ఫెక్షన్, మర్మాంగాల దగ్గర చర్మం కుళ్లే అరుదైన జబ్బు. మొఖాల మీద నవ్వు, చెవులల్ల చావు కబురు. అక్కడ దీన్ని చూసి నవ్వినోళ్లు ఉన్నరు, పాడినామె లావును ఎక్కిరించినోళ్లు ఉన్నరు.

నేనైతే ఇసొంటి యాడ్‌లు మన దగ్గర కూడా రానియ్యాలె అంట. ఇప్పుడు మన కేబుల్ చానెళ్లల్ల పొద్దుగాల ఏమొస్తున్నది? షుగర్ వేర్లతో సహా పీకేస్తమని పొడి డబ్బాలు. ఎవరు వాడొద్దో ఒక్క మాట చెప్పరు. పాట పాడినా, గంతులేసినా ఆ అమెరికా యాడ్ మందు పేరు చెప్తది, ముప్పు చెప్తది. ఎవరికన్న అభ్యంతరం ఉంటే చెప్పండి.

సెక్షన్_మూడు (హైదరాబాద్, సొంతూరు దేవరకొండ)

అన్నా, రెండిటికీ తాళం ఒకే చట్టం వేసింది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. దాని షెడ్యూల్లో (చివర ఇచ్చిన జాబితాలో) ఉన్న జబ్బులకు మందు అంటూ ప్రజలకు ప్రకటన ఇవ్వకూడదు. ఆ షెడ్యూల్లో డయాబెటిస్ ఉంది. అల్లోపతికా, ఆయుర్వేదానికా అన్న తేడా సెక్షన్ 3లో లేదు. కంపెనీలు డాక్టర్లకు విడిగా సమాచారం పంపుకోవచ్చు, అంతవరకే. మొదటిసారి తప్పు రుజువైతే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే ఏడాది దాకా. అంటే పొడి డబ్బా యాడ్ చట్టం ఒప్పుకుంటే వస్తున్నది కాదు, పట్టుకునేవాళ్లు తక్కువై వస్తున్నది. దానికి విరుగుడుగా ఇంకో తలుపు తెరుద్దామంటే ఎలా?

డాక్టరు చీటీ మీద అమ్మే మందును పేరు పెట్టి టీవీలో జనానికి ప్రకటించుకోనిచ్చేవి ప్రపంచంలో రెండే దేశాలు, అమెరికా, న్యూజిలాండ్. అమెరికాలో కూడా ఇది 1997లో ఎఫ్‌డీఏ (అక్కడి మందుల నియంత్రణ సంస్థ) నిబంధనలు సడలించాకే ఊపందుకుంది. మీరు చూసిన పాట 2023 నాటిది. అదే ఏడాది ఎఫ్‌డీఏ ఇంకో రూలు ఖరారు చేసింది. టీవీ యాడ్‌లో ముప్పుల మాట మామూలు జనానికి అర్థమయ్యే భాషలో ఉండాలి, గొంతు చదివేటప్పుడే అక్షరాలు కూడా తెర మీద కనపడాలి, ఆ సమయంలో దృష్టి మళ్లించే బొమ్మలు, సంగీతం ఉండకూడదు. 2024 నవంబరు 20 నుంచి కంపెనీలు పాటించాల్సిందే. పాట చాటున ముప్పు దాగుతున్నదని అక్కడివాళ్లకే అనిపించబట్టే కదా ఆ రూలు.

గోలీల_కొట్టు (మిర్యాలగూడ)

చట్టం సంగతి సెక్షనన్న చెప్పిండు. నేను గోలీ సంగతి చెప్త. ఆ యాడ్‌ల ముప్పుల జాబితా అబద్ధం కాదు. కానీ కొట్టు ముంగట నిలబడ్డ మనిషికి కావల్సింది జాబితా కాదు, ఈ గోలీ ఎప్పుడు *ఆపాలె* అనే ముచ్చట. అరవై సెకన్లల్ల అది పట్టదు.

ఈ మందు అసలు పేరు ఎంపాగ్లిఫ్లోజిన్. కిడ్నీ వడపోసిన చక్కెరను మల్ల రక్తంలకు గుంజుకోకుండ అడ్డం పడతది. 10 మిల్లీగ్రాముల గోలీతోటి రోజుకు సుమారు 64 గ్రాములు, 25 గోలీతోటి 78 గ్రాముల గ్లూకోజు మూత్రంల పోతది. రెండున్నర రెట్లు మందు పెంచితే అదనంగ పోయేది 14 గ్రాములే, చూస్కోండి. అందుకే ఎక్కువమందికి 10తోనే మొదలువెడతరు. చక్కెరతోటి నీళ్లు, ఉప్పు కూడా పోతయి. మన దిక్కు తిప్పలన్నీ ఇక్కడ్నించే.

ఎండకాలం ఉపాధి పనికి పోయేటాయన, బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) కలిసిన గోలీ ఏస్కుంటడు, మోకాళ్ల నొప్పులకు డైక్లోఫినాక్ అనే నొప్పి గోలీ ఏస్కుంటడు, దాని మీదికెల్లి ఇది. మూడూ కలిస్తే కిడ్నీకి నీళ్లు అందవు. కూసున్న తాన నుంచి లేస్తే కండ్లు తిరుగుడు మొదటి గుర్తు. ఫ్లోరైడ్ ఊర్లల్ల ఒంటి నొప్పులకు నొప్పి గోలీలు కూరల ఉప్పు లెక్క వాడుతరు, ఆ ముచ్చట కొట్టుల అడగకుంటే ఎవ్వరు చెప్పరు.

వాంతులు, విరేచనాలు, తిండి పోకుంట జ్వరం ఉంటే ఆ రోజే గోలీ ఆపి డాక్టరుకు చెప్పాలె. మంచిగ తిని, నీళ్లు తాగుడు మొదలైనంకనే మల్ల ఏస్కోవాలె. ఇన్సులిన్ మాత్రం సొంతంగ ఆపొద్దు, ఈ రెండిటిని కలగాపులగం చేస్తరు. రోజా ఉండేటోళ్లు, నిర్జల ఏకాదశి చేసేటోళ్లు ముందే డాక్టరును అడగాలె. కల్లు సంగతి ఎవ్వరు ఎత్తరు గానీ, అన్నం తినకుంట పొద్దుమూకెదాక కల్లు తాగుకుంట ఈ గోలీ ఏస్కునుడు కీటోన్లను పిలిచి పీట ఏసుడే.

ఇంకోటి, డబుల్ గోలీ. ఒక డాక్టరు ఇదే జాతి గోలీ డాపాగ్లిఫ్లోజిన్ రాస్తడు, ఇంకో ఊర్ల గుండె డాక్టరు ఎంపాగ్లిఫ్లోజిన్, లినాగ్లిప్టిన్ (ఇంకో రకం షుగర్ మందు) కలిసిన గోలీ రాస్తడు. పేర్లు వేరు, పని ఒక్కటే. స్ట్రిప్ ఎనకాల చిన్న అక్షరాలల్ల "గ్లిఫ్లోజిన్" అని రెండిటి మీద ఉంటే అక్కడ్నే ఆగి డాక్టరుకు ఫోన్ కొట్టాలె. 2025 మార్చి 11న మన దేశంల ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ అయిపోయింది. 60 రూపాయల దాకున్న గోలీ కొన్ని కంపెనీలయి పదిలోపుకు దిగినయి. బ్రాండ్లు కుప్పలుగ వచ్చినయి, ఈ డబుల్ గోలీ ఇంకా పెరుగుతది. ఇప్పుడు టీవీల యాడ్ కూడా ఇడిస్తే చీటీ లేకుండనే "ఆ పాట గోలీ ఇయ్యి" అని వస్తరు.

పిల్లలమర్రి_ఊడ (పాలమూరు)

గోలీలన్న చెప్పిందాంట్లో తప్పేం లేదు గానీ, మందు మీదికి కోపం మళ్లొద్దు. ఇది మంచి మందు. యాడ్ గొప్పగా చెప్పుకునే "గుండె జబ్బు చావు ముప్పు తగ్గిస్తుంది" అన్న మాట కూడా ఉత్తది కాదు, 2015లో వచ్చిన ఎంపా-రెగ్ అధ్యయనం దాని వెనక ఉంది. సుమారు 7,000 మంది, సగటున మూడేళ్లు. ఉత్తుత్తి (మందు లేని) గోలీ తీసుకున్నవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బుతో పోయినవాళ్లు 5.9 శాతం, మందు తీసుకున్నవాళ్లలో 3.7 శాతం.

ఇక్కడే కిటుకు. 5.9 నుంచి 3.7కి దిగడాన్ని "38 శాతం తగ్గింది" అనొచ్చు, "వందకు ఇద్దరు ఎక్కువ బతికారు" అని కూడా అనొచ్చు. రెండూ నిజమే, చెవికి మాత్రం ఒకటి కాదు. పైగా ఆ 7,000 మందీ అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు. యాడ్‌లో ఆ షరతు చెప్తారు, ఒక్క ఊపిరిలో దాటిపోతారు. కొత్తగా షుగర్ బయటపడ్డ ముప్పయ్యైదేళ్ల మనిషి అది తన గురించే అనుకుంటాడు. అతనికి చాలాసార్లు మెట్‌ఫార్మిన్ అనే పాత షుగర్ గోలీ, నడుం కొలత తగ్గించుకోవడమే ముందు వస్తాయి.

ఆ నటి లావు మీద నవ్వినోళ్లకు ఒక ముక్క. మన జనంలో షుగర్ రావడానికి అంత ఒళ్లు అక్కర్లేదు. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే చాలు, మనకు పొట్ట ఎక్కువున్నట్టే లెక్క. చేతులు కాళ్లు సన్నం, పొట్ట ముందుకు. బస్టాండులో చుట్టూ చూస్తే తెలుస్తుంది.

నాలుగు_ప్లస్సులు (జడ్చర్ల)

ల్యాబ్ వైపు నుంచి ఒకటి, ఇది ఏ యాడ్‌లోనూ రాదు. ఈ గోలీ వాడేవాళ్లకు మూత్రంలో చక్కెర *దాదాపు ఎప్పుడూ* నాలుగు ప్లస్సులే (++++, అంటే బాగా ఎక్కువ అని) వస్తుంది. రక్తంలో ఫాస్టింగ్ 110 ఉన్నా సరే. అది జబ్బు ముదిరిన గుర్తు కాదు, గోలీ పనిచేస్తున్న గుర్తు. ఆ నాలుగు ప్లస్సులు చూసి ఆర్‌ఎంపీ గ్లిమిపిరైడ్ అనే ఇంకో షుగర్ గోలీ కలుపుతాడు, రాత్రికి చెమటలు పట్టి షుగర్ పడిపోతుంది. శాంపిల్ తీసుకునేటప్పుడే ఏం గోలీలు వాడుతున్నారో అడిగి రిపోర్టు మీద రాస్తే ఈ గోల సగం తప్పుతుంది. చూడాల్సింది హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), రక్తంలో ఫాస్టింగ్, తిన్నాక రెండు గంటలది. ఇంకా గోలీ వాడుతున్నానంటూనే మూత్రంలో చక్కెర లేదని వస్తే, గోలీ వేసుకోవట్లేదన్నా అయి ఉండాలి, కిడ్నీ బాగా తగ్గిందన్నా అయి ఉండాలి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించాలి.

కీటోఅసిడోసిస్ అన్న మాట యాడ్‌లో వినిపిస్తుంది, కానీ ఈ మందుతో వచ్చే దాని వేషం వేరు. మామూలుగా అయితే మీటరు 400, 500 చూపిస్తుంది. ఇందులో 180, 200 దగ్గరే ఉండొచ్చు. కడుపునొప్పి, వాంతులు, లోతుగా ఎగశ్వాస. మీటరు చూసి "షుగర్ బాగానే ఉంది, గ్యాసు" అని పాంటాప్ సూది, ఒక సీసా ఎక్కించి ఇంటికి పంపేస్తారు. అడగాల్సింది కీటోన్ పరీక్ష. మూత్రం పట్టీ చవక, కానీ అది బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే ముఖ్యమైన కీటోన్‌ను పట్టుకోలేదు, తక్కువ చూపించే వీలుంది. రక్తంలో కీటోన్ 3 (లీటరుకు మిల్లీమోళ్లు) దాటితే ఆలస్యం లేకుండా పెద్ద దవాఖానకే. పట్టీల డబ్బా మూత తీసి వదిలేస్తే తేమకు పాడవుతుంది, ఆ రిపోర్టును నమ్మొద్దు.

పానగల్_గట్టు

సరే, ఇంత ఉన్నప్పుడు జనానికి చెప్పేదెవరు? డాక్టరు రెండు నిమిషాలల్ల చీటీ రాసి పంపుతడు. యాడ్ వద్దంటిరి, పొడి డబ్బా యాడ్ ఆగదు. ఆ మర్మాంగాల గాంగ్రీన్ (చర్మం కుళ్లుడు) ముచ్చటన్న యాడ్‌ల చెప్తున్నరు గద.

పిల్లలమర్రి_ఊడ

ఆ ముక్కే తీసుకోండి. 2018లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. 2013 మార్చి నుంచి 2018 మే దాకా ఈ గ్లిఫ్లోజిన్ జాతి గోలీలన్నిటికీ కలిపి దాని దృష్టికి వచ్చినవి 12 కేసులు. ఒక్క 2017లోనే అమెరికాలో ఈ గోలీలు రాయించుకున్నవాళ్లు సుమారు 17 లక్షలు. యాడ్‌లో "కుళ్లే జబ్బు" అన్న మాట, రోజూ కనపడే దురద అన్న మాట పక్కపక్కనే ఒకే గొంతుతో వస్తాయి. ఏది అరుదో, ఏది మామూలో తెలియదు. గుండె బలహీనపడి ఈ గోలీ వాడుతున్న మనిషి ఆ యాడ్ చూసి భయపడి ఆపేస్తే, నష్టం గాంగ్రీన్ కంటే ఎక్కువ మందికి.

గోలీల_కొట్టు

మామూలుగ వచ్చేది ఫంగస్. ఆడోళ్లకు తెల్లబట్ట, దురద; మొగోళ్లకు ముందరి తోలు కింద తెల్లపూత, మంట. సిగ్గుకు చెప్పరు, గోలీ ఆపేస్తరు. మూత్రం పోయిన ప్రతిసారి నీళ్లతోటి కడుక్కొని తడి లేకుండ తుడుచుకోవాలె. వచ్చినా చాలామందికి క్లోట్రిమజోల్ పూతతోటే తగ్గుతది. ఆ చుట్టుపక్కల గట్టిగ వాచి, ఎర్రబడి, జ్వరం, తట్టుకోలేని నొప్పి ఉంటేనే అది వేరే జబ్బు, అప్పుడు గంటలల్ల దవాఖానకు పోవాలె. గీ తేడా కొట్టుల చెప్పనీకె అర నిమిషం చాలు, టీవీ ఎందుకు?

సెక్షన్_మూడు

పొడి డబ్బా యాడ్ ఆగదన్నారు కదా, ఆపించే పద్ధతి ఉంది. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ ఇదే చట్టం కింద షుగర్ తగ్గిస్తామని రాసిన డబ్బాలు పట్టుకుంటూనే ఉంది. టోల్‌ఫ్రీ 1800-599-6969. "టీవీలో ఏదో వచ్చింది" అంటే పని కాదు. చానెల్ పేరు, తేదీ, టైము, తెర మీది ఫోన్ నంబరు, యాడ్ నడుస్తుండగా తీసిన వీడియో. డబ్బా దొరికితే నాలుగు వైపులా ఫొటో: తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, "మధుమేహం" అని రాసి ఉన్న వైపు. కొన్న బిల్లు పారేయొద్దు, సీలు తియ్యని డబ్బా ఒకటి అట్లాగే ఉంచాలి.

నాలుగు_ప్లస్సులు

దానికి ఇంకో మాట కలపండి: పొడి మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే షుగర్ దభీమని పడిపోతే సంబరపడొద్దు. ఇలాంటి "మూలికల" పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిపినట్టు చాలా దేశాల్లో పరీక్షల్లో దొరికింది. చెమట, వణుకు వస్తే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లల్లో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ మీటరు చూడాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పొయ్యొద్దు. ఆ మందు ఒంట్లో చాలాసేపు ఉంటుంది, ఒకసారి లేచి కూర్చున్నారని వదిలేస్తే తెల్లారుజామున మళ్లీ పడిపోతారు. దవాఖానలో ఒక రోజు పెట్టుకోవాల్సిన కేసు అది.

పానగల్_గట్టు

యాడ్ విషయంల సగం దిగొచ్చిన. ఎవరు వాడొద్దో అచ్చేసి గోలీ డబ్బాల తెలుగుల ఒక కాయితం పెట్టాలె, అది మాత్రం ఇడువ. ఇంకొక్కటి: పిత్తాశయం రాళ్ల ఆపరేషన్ గురువారం ఉన్నదనుకోండి, ఈ గోలీ ఎప్పటి నుంచి ఆపాలె?

గోలీల_కొట్టు

కనీసం మూడు రోజుల ముందు. ఆపినంక కూడా మూడు రోజుల దాక మూత్రంల చక్కెర పోతనే ఉంటది కాబట్టి. ఆదివారం పొద్దున ఆఖరి గోలీ, సోమ, మంగళ, బుధ బంద్. ఆ మూడు రోజులు షుగర్‌కు ఏం వాడాలన్నది ఆపరేషన్ డాక్టరు, షుగర్ డాక్టరు మాట్లాడి చెప్పాలె. అర్జంటు ఆపరేషనై ఆపే టైము లేకుంటే స్ట్రిప్ తీస్కపోయి మత్తు డాక్టరు చేతిల పెట్టండి, పేరు నోటితోటి చెప్తే గ్లిమిపిరైడ్ అనుకునే ప్రమాదం ఉంది.