చర్చ: వరంగల్ స్టేషన్‌ను చారిత్రక కట్టడంగా పిల్లలకు చూపించవచ్చా?

హన్మకొండ బడిపంతులు:

మా బడి తొమ్మిదో తరగతి పిల్లలను ఏటా ఓరుగల్లు కోటకో, వేయిస్తంభాల గుడికో తీసుకెళ్తుంటాం. ఈసారి హైదరాబాదులోని కాచిగూడ రైల్వే స్టేషన్‌ను, రైలెక్కడానికి కాకుండా కట్టడంగా చూడటానికే, చూపిద్దామని నేను అడిగాను. తోటి ఉపాధ్యాయులు ఒప్పుకున్నారు గానీ, అంత దూరం దేనికి, మన వరంగల్ స్టేషన్ ఉంది కదా అన్నారు. అమృత్ భారత్ పథకం కింద సుమారు 25 కోట్ల రూపాయలతో తీర్చిదిద్ది 2025 మే 22న ప్రారంభించిన ఆ స్టేషన్ ముఖభాగంలో తోరణాలతో కాకతీయుల శిల్పరీతి కనబడుతుంది కాబట్టి, పిల్లలకు అదే చరిత్ర అవుతుందని వారి వాదన.

నేను అంగీకరించలేకపోతున్నాను. ఆ ముఖభాగం చూడముచ్చటగానే ఉంది. కానీ కాకతీయుల కాలానికి, రైలుకు మధ్య ఐదు వందల ఏళ్లకు పైగా దూరం ఉంది. స్టేషన్‌ను చారిత్రక కట్టడంగా చూపించాలంటే, నిజాం ఏడో పాలకుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్‌కు తీసుకెళ్లాలన్నది నా అభిప్రాయం. ఆ నడిమి గుమ్మటం, పక్క గుమ్మటాలు, మినార్లు ఆనాటి హైదరాబాదు తనను తాను ఎలా చూపించుకోదలచిందో చెబుతాయి. పరదా పాటించే స్త్రీలు కూర్చోవడానికి అక్కడ ప్రత్యేకమైన చోటు ఉండేదన్న ఒక్క మాట చాలు, పిల్లలు ఆ కాలపు సమాజం గురించి గంటసేపు ప్రశ్నలు అడుగుతారు. మీ అభిప్రాయాలు చెప్పగలరు.

కాజీపేట ప్రయాణికుడు:

పంతులు గారి ఆలోచన మంచిదే అయినా, స్టేషన్ గుడి కాదు, కోట కాదు. అది వాడుకలో ఉన్న చోటు. మా అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఒక పాత స్టేషన్‌లో లిఫ్టు లేక, ఒక చేత్తో సంచి, ఒక చేత్తో కటకటాలు పట్టుకుని ఆమె వంతెన మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతుంటే, పైకి చేరేలోపే మా బండి కదిలిపోయింది. ఆ రోజు నాకు ఆ గోడల వయసు గుర్తుకు రాలేదు. పాత కట్టడాన్ని ప్రేమించేవారు గంటసేపు వచ్చి చూసి వెళ్తారు, రోజూ ఆ మెట్లు ఎక్కేవారు వేరు. వరంగల్ స్టేషన్‌ను మార్చడం వల్ల నాబోటి వారికి మేలే జరిగింది, అది కూడా పిల్లలకు చూపించదగిన విషయమే.

కోట వాకిలి:

నేను భవన నిర్మాణ రంగంలో పనిచేస్తాను. పంతులు గారి వాదనలో ఒక చిక్కు ఉంది. కోటలోని నాలుగు తోరణాలు స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపిన వాకిళ్లు, వాటిని స్టేషన్ గోడకు అలంకారంగా తేవడం అతుకు అనుకుందాం. మరి కాచిగూడ గుమ్మటాలు మాత్రం రైలు నడవడానికి అవసరమా? అవీ ఆనాటి పాలకుడి అభిరుచి ప్రకారం పెట్టిన అలంకారాలే. 1916లో పెట్టింది చరిత్ర, ఇప్పుడు పెట్టింది నకలు అని తేల్చేస్తే, వందేళ్ల తర్వాత మన మనవలు ఈ తోరణాలను ఏమంటారు?

హన్మకొండ బడిపంతులు:

కోట వాకిలి గారి ప్రశ్న నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. అలంకారం ఉన్నంత మాత్రాన కట్టడం తక్కువ కాదన్నది నిజం, ఆ మేరకు నా మాట సరిదిద్దుకుంటున్నాను. కొత్త తోరణాలు మన కాలపు అభిరుచికి గుర్తుగా నిలబడవచ్చు. అయితే వాటిని మన కాలపువిగానే పిల్లలకు చెప్పాలి, కాకతీయ వారసత్వమని చెప్పకూడదు.

అసలు నా మనసులో ఉన్నది వేరే స్టేషన్. కాజీపేట నుంచి బల్లార్షా వరకు లైను 1929లో పూర్తయింది. దానితోనే ఢిల్లీ, మద్రాసుల మధ్య మన ప్రాంతం మీదుగా నేరుగా దారి ఏర్పడింది. ఆ దారిలోని ఒక చిన్న స్టేషన్‌లో మా మేనల్లుడితో కలిసి ప్యాసింజర్ కోసం కూర్చున్నాను. ప్లాట్‌ఫారం రేకుల కప్పును మోస్తున్న స్తంభాలు పాత రైలు పట్టాల ముక్కలే. పట్టా నడుము మీద ఏవో ఉబ్బెత్తు గీతలు కనబడితే, వాడు జేబులోని సుద్దముక్కతో రుద్దాడు. ఎన్నో రంగుల పొరల కింద నుంచి అక్షరాలు, ఆ తర్వాత ఆ పట్టా తయారైన సంవత్సరపు అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలాయి. ఒకప్పుడు బండ్లను మోసి అరిగిన ఇనుమును పారేయకుండా నిలబెట్టి, దానితోనే నీడ కల్పించారు. గుమ్మటం లేని ఆ స్టేషన్‌లో అంతకంటే గొప్ప నిర్మాణ పాఠం ఏముంటుంది? అక్కడ రేపు లిఫ్టు పెట్టే పని మొదలైతే, ఆ స్తంభాలు తుక్కు లారీ ఎక్కుతాయేమోనన్నదే నా భయం.

ఈ భయం ఊరికే కలిగింది కాదు. సికింద్రాబాదు స్టేషన్‌కు అసఫ్‌జాహీ (నిజాంల కాలపు) పోకడతో 1950లలో కట్టిన ముఖభాగాన్ని 2025లో పునర్నిర్మాణం కోసం కూల్చారు. మన ఊళ్లో ఇందుకు భిన్నంగా జరిగిన పని ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, రాళ్లకు అంకెలు వేసి, పునాది బలపరిచి, మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టిన మాట నిజమే, కానీ విప్పడానికి, కూల్చడానికి ఉన్న తేడాను ఓరుగల్లు వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. స్టేషన్ విషయంలో కనీసం ముందుగా కొలతలు, ఫోటోలు తీసి ఉంచమని అడగడం అతిగా కోరడమా?

కాజీపేట ప్రయాణికుడు:

అతిగా కోరడం కాదు. ముంబైలోని ఛత్రపతి శివాజీ టెర్మినస్‌కు 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అయినా లోకల్ బండ్లు అక్కడి నుంచి రోజూ కిక్కిరిసి నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి రెండూ కుదురుతాయని ఒప్పుకుంటాను. నా షరతు ఒక్కటే: లిఫ్టు ముందు, ఆ పట్టా స్తంభం దాని పక్కన. స్తంభం కోసం లిఫ్టు ఆగిపోతే మా అమ్మ తరఫున నేను వ్యతిరేకంగానే మాట్లాడతాను.

కోట వాకిలి:

లిఫ్టు గుంతను రెండు అడుగులు జరిపితే స్తంభం నిలబడే సందర్భాలే ఎక్కువ. పని మొదలయ్యాక కాక, నక్షా గీసే దశలోనే ఎవరైనా అడగాలి. పంతులు గారు పిల్లలను తీసుకెళ్లేటప్పుడు కొలత టేపు, గీతల కాగితాలు నేను తెస్తాను.

హన్మకొండ బడిపంతులు:

సంతోషం. నేను పర్యటన మార్చుకున్నాను. ఉదయం వరంగల్ స్టేషన్ కొత్త తోరణాలు, ఆ తర్వాత కోటలోని అసలు తోరణాలు చూపించి, తేడాలు పిల్లల చేతనే రాయిస్తాం. మధ్యాహ్నం ప్యాసింజర్‌లో ఆ చిన్న స్టేషన్‌కు వెళ్తాం. కాచిగూడ వచ్చే ఏడాదికి. స్టేషన్ మాస్టరు గారి అనుమతి కోసం దరఖాస్తు రాసి పెట్టాను. సుద్దముక్కలు బడి నుంచే తెస్తాను.